బొమ్మల కొలువులో రైలుదారి



సంక్రాంతి పండుగనాళ్లలో మన గోదావరి మండలములందు పెక్కు ఇండ్లలో బొమ్మలకొలువు తీర్చుట పెద్దలనాటినుండి వచ్చుచున్న ఆచారము. పై మెట్లమీద దేవతామూర్తులు, వాని క్రింద కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, అన్నింటికంటె క్రింద నేలమీద ఒక చిన్న పల్లెటూరు - నుయ్యి, గుడి, పొలము, ఎడ్లబండి. కొన్ని యేండ్లనుండి ఆ పల్లెటూరి ప్రక్కకు రైలుబండియు వచ్చి చేరినది. పట్టణములనుండి వచ్చు మనుమలు తెచ్చినది కొంత, తిరునాళ్లలో కొన్నది కొంత. ఆ రైలుదారిని ఏరీతిగా తీర్చినచో చూచువారికి కన్నులపండువుగను, ఆడుకొను పిల్లలకు బుద్ధివికాసకరముగను ఉండునో, ఆ విషయమును నేడు మీకు మనవి చేయదలచితిని.

నెరసిన తలతో ఈ పంతులుకు బొమ్మల గొడవ యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, తప్పులేదు. కాని ఈ ఆట కేవలము పసివాండ్రది కాదు. జర్మనీ దేశములో మార్క్లిన్ అను బొమ్మల సంస్థవారు 1891వ సంవత్సరమున లైప్‌జిగ్ నగరపు సంతలో, ముక్కలు చేర్చుకొని పెంచుకొనదగిన పట్టాలతో రైలుబొమ్మలను ప్రదర్శించిరి. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ యనువాడు 1920లో తన పేరుగల బొమ్మరైళ్లను అమ్మ నారంభించెను. అది మొదలు ఆ దేశములందు పెద్దవారు సయితము ఇంటిలో ఒక గది కేటాయించి, అందు కొండలు, స్టేషనులు, వంతెనలు నిర్మించి, కాలపట్టిక ప్రకారము బండ్లు నడపుచు ప్రొద్దుపుచ్చుచున్నారు. మన కొలువును వారి రైలుదారియు ఒకే కోరికకు రెండు రూపములు. ఉన్న లోకమును చిన్నదిగా చేసి, ఎదుట పెట్టుకొని చూచుకొనవలెనను కోరిక యది.

అయితే మన యిండ్లలో తీర్చు రైలుదారులందు రెండు లోపములు తఱచుగా కనబడును. మొదటిది, బండి చుట్టునుండు దృశ్యము మన దేశమునకు చెందినది కాకపోవుట. రెండవది, సిగ్నలు స్తంభము అలంకారమునకు మాత్రమే నిలువబడుట. ఈ రెండు లోపములును కలిసి మా యింట ఒక ప్రమాదమునే తెచ్చినవి. ముందుగా అది చెప్పెదను.

మూడేండ్ల క్రిందట మా మనుమడును మనుమరాలును కొలువుముందు రైలుదారి పఱచిరి. ఒకవైపు కొవ్వూరు, ఒకవైపు గోదావరి స్టేషను, నడుమ వంతెన. వంతెనమీద ఒంటిదారి. రెండు ఇంజనులు. అట్టముక్కతో చేసిన సిగ్నలు రెండువైపుల నిలిపితిమి. అందమునకై వంతెన మొదట నేనే ఒక కొబ్బరితోపు నాటితిని. పేరంటాండ్రు వచ్చిరి. దీపములు వెలిగించిరి. మనుమడు కొవ్వూరు బండిని వదలెను. అటువైపు సిగ్నలు తోపుచాటున నుండుటచే మనుమరాలు దానిని చూడలేదు. తన బండిని తానును వదలెను. రెండు బండ్లును నడివంతెనమీద ఢీకొని పెట్టెలు “గోదావరి”లో పడినవి. అందఱును నవ్విరి. ఆ బిడ్డ మాత్రము నవ్వలేదు. కన్నీరు నించుకొని, “సిగ్నలు ఉంది గదా తాతయ్యా, మరెందుకు గుద్దుకున్నాయి?” అని నన్నడిగెను.

నలువదేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. సిగ్నలు ఉండుట వేఱు, సిగ్నలు చెప్పుట వేఱు, చెప్పినది నిజమగుట వేఱు. ఈ మూటి భేదమును తెలిసికొని మరునాడు మొదలు ఆ రైలుదారిని మరల కట్టితిమి. ఆ కట్టిన విధమే నా ప్రసంగము.

మొదట కొలత సంగతి. మా మొదటి కొలువులో కోడిపుంజు ఇంజనుకంటె పెద్దదిగా నుండెను. కొబ్బరిచెట్టు పెట్టెకంటె పొట్టిదిగా నుండెను. బజారులో దొరకు నమూనారైళ్లలో ఎక్కువ ప్రచారమున నున్నవి అసలు బండిలో 87వ వంతు కొలతకు చేసినవి. ఆ లెక్కను అన్ని వస్తువులకును పట్టింపవలెను. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు ఇంచుక తక్కువగా నుండవలెను. ఏబది అడుగుల కొబ్బరిచెట్టు పదునేడున్నర సెంటీమీటర్లు. ఇరువదియాఱు అడుగుల సిగ్నలు స్తంభము తొమ్మిది సెంటీమీటర్లు. ఒక అట్టముక్కపై ఈ కొలతలను గీచి పిల్లల చేతికిచ్చినచో వారికి త్రైరాశికము వేఱుగా నేర్పనక్కఱలేదు. ఒక్క పట్టాల వెడల్పులో మాత్రము చిన్న అసత్యమును సహింపవలెను. మన పెద్దదారి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు 19 మిల్లీమీటర్లు దాటును. బజారు పట్టాలు ఇతరదేశముల 1435 మిల్లీమీటర్ల దారిని చూచి చేసినవగుటచే పదునాఱున్నర మిల్లీమీటర్లే యుండును.

ఇక వంతెన. గోదావరిమీద మొదటి రైలువంతెనను 1897లో మొదలిడి 1900లో బండ్లకు తెఱచిరి. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాకు పేర అది ప్రసిద్ధమైనది. ఏబదియాఱు కమ్ములు, ఒక్కొక్కటి 150 అడుగులు. దాదాపు నూఱేండ్లు సేవచేసి 1997లో అది విశ్రాంతి పొందినది. పైని రోడ్డును క్రింద రైలును గల రెండవ వంతెన 1974లో వచ్చినది. విల్లువలె వంగిన కాంక్రీటు కమానులుగల మూడవది 1997లో వాడుకకు వచ్చినది. దానికి ఇరువదియెనిమిది కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్లకు పైగా. మూటిలో దేనిమీదను జంటదారి లేదు. ఒక్కొక్కదానిపై ఒక్కొక్క దారియే. ఈ సంగతి గుఱుతుంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

హేవలాకు వంతెనను 87వ వంతునకు తగ్గించినను దాదాపు ముప్పది మీటర్లుండును. ఏ యింటి సావడియు దానికి చాలదు. కావున స్థాలీపులాకన్యాయమును అనుసరింపవలెను. అన్నము ఉడికినదో లేదో చూచుటకు కుండలోని మెతుకులన్నియు పట్టిచూడము గదా! మూడు కమ్ములు చాలును; ఒక్కొక్కటి ఏబదిరెండున్నర సెంటీమీటర్లు. అయితే ఆ మూడును కొలతకు సరిగా నుండవలెను. ఏబదియాఱింటిని కుదించి గిటకబార్చుటకంటె మూటిని నిజముగా చూపుట మేలు. స్తంభముల మొదట ఇసుకతిప్పను వేసి, వంతెన రెండవ కొనను గోడవైపునకు పోనిచ్చి, ఆ గోడకు లేతనీలపు గుడ్డ కట్టినచో మిగిలిన వంతెనను చూచువాని మనస్సే కట్టుకొనును.

దృశ్యరచనలో అన్నింటికంటె ముఖ్యమైనది మన నేల తీరు. పరదేశపు చిత్రములను చూచి పిల్లలు రైలుదారి ప్రక్కన మంచుకొండలను, సొరంగములను పెట్టుదురు. మన డెల్టాలో కొండలెక్కడివి? ఇది చదరమైన నేల. దీని సొగసు ఎత్తులలో లేదు, నీటిలో నున్నది. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852లో పూర్తిచేసిన పిమ్మట తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పాఱినవి. ఆ కాలువ నీరు పొలమునకు తానై దిగవలెను గనుక కాలువ పొలముకంటె ఎత్తున నుండును. కావున నమూనాలో కాలువను గుంటగా త్రవ్వరాదు. రెండువైపుల గట్టుపోసి, నడుమ నీరు చూపి, గట్టుక్రింద పొలమును పల్లముగా నుంచవలెను. రైలుకట్ట అంతకంటె ఎత్తు. ఈ మూడు మట్టములు సరిగా కుదిరినచో పేరు చెప్పకయే చూచినవారు “ఇది మన ప్రాంతమే” యందురు.

రెండవది ఋతువు. కొలువు పుష్యమాసమున తీర్చుదుము. అప్పటికి సార్వా పంట కోతలై కుప్పలు నూర్చియుందురు. కావున పొలము పచ్చగా నుండరాదు. కొయ్యకాళ్ల రంగులో, అక్కడక్కడ గడ్డివాములతో నుండవలెను. ఒక మూల దాళ్వా నారుమడి మాత్రము లేతపచ్చగా నుండవచ్చును. గోదావరియు అట్లే. శ్రావణమాసపు ఎఱ్ఱనీరు పుష్యమాసమున నుండదు. నీరు తేరి, లంకలు, ఇసుకతిప్పలు బయటపడియుండును. అద్దపుపలక అడుగున నీలమును ఇంచుక ఆకుపచ్చను కలిపి పూసినచో ఆ తేటదనము వచ్చును. తిప్పలకు గోదావరి ఇసుకనే జల్లెడపట్టి జిగురుమీద చల్లవలెను.

సామగ్రికి డబ్బు వెచ్చింపనక్కఱలేదు. రంపపుపొట్టును పచ్చరంగులో నానవేసి ఆరబెట్టిన గడ్డియగును. కొబ్బరియీనెను వంచి మొదట మైనము పట్టించి, పచ్చకాగితమును దువ్వెనపండ్లవలె కత్తిరించి కొనకు చుట్టిన కొబ్బరిచెట్టగును. కొబ్బరిచెట్టు నిట్టనిలువుగా నిలువదు. వెలుతురువైపో, కాలువవైపో ఒకింత వంగును. ఆ వంపు లేనిచో అది స్తంభమే కాని చెట్టు కాదు. తాటిచెట్టు మాత్రము నిటారుగా నుండును. కొబ్బరిపీచు గడ్డివామి యగును. గులకఱాళ్లను మెత్తగా దంచి పట్టాలనడుమ పోయవలెను. ఇండ్లకు కావలసిన తేలికకఱ్ఱకు కొండపల్లివారు బొమ్మలకు వాడు తెల్లపొణికి వంటిది మేలు, అట్టముక్కయు చాలును.

ఇంతవఱకు అందము. ఈ అందమే అపాయమునకు కారణమగునని ముందు చెప్పితిని. నిజమైన రైలుదారిమీద సిగ్నలు దూరమునుండి డ్రైవరునకు కనబడునట్లు అడ్డమువచ్చు కొమ్మలను రైలువారు నఱికించుచుందురు. మనము నమూనాలో చెట్టు నాటునపుడు తల నేలకు వంచి, కన్నును ఇంజను ఎత్తునకు తెచ్చి, డ్రైవరు చోటినుండి చూడవలెను. సిగ్నలు కనబడనిచో చెట్టును తీయవలెను, సిగ్నలును కాదు. మా కొబ్బరితోపు ఈ పరీక్షలో తప్పి, గుడివెనుకకు పోయినది.

ఇక సిగ్నలు. ఫ్రాన్సులో షాప్ అను నతడు 1794లో, మిట్టలమీద కఱ్ఱచేతులను నిలిపి, వాని వంపులచే దూరవార్తలను పంపు పద్ధతిని నడపెను. ఆ చేతినే తరువాత ఇంగ్లండులో 1840వ దశకమున రైలుదారి ప్రక్కకు తెచ్చిరి. మన పల్లెలలో “సిగ్నలు పడింది” అని చెప్పుకొనుట ఆ చేతిని చూచియే. రెక్క అడ్డముగా నున్న ఆగుమని, క్రిందికి వాలిన పొమ్మని పాతరకము. తరువాతి రకములో రెక్క పైకి లేచును. సగము లేచిన జాగ్రత్తతో రమ్మని, నిటారుగా లేచిన నిర్భయముగా పొమ్మని అర్థము. ప్రధానమార్గములందు నేడు రెక్కలకు మాఱు రంగుదీపములు నిలిచినవి. ఎఱుపు ఆగుమనును, ఒక పసుపు, ముందు సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధపడుమనును, రెండు పసుపులు, వేగము నదుపులో నుంచుకొమ్మనును, ఆకుపచ్చ పొమ్మనును. అయినను కొలువునకు రెక్కయే తగినది. దాని కదలికను పసిబిడ్డయు చూచి గ్రహించును.

బండి పోవచ్చునా కూడదా యనుట ఒకటి. ఏ దారిని పోవునో చెప్పుట మఱియొకటి. స్టేషనులో రెండు మూడు దారులుండును. ఒకే స్తంభముపై అడ్డకమ్మి వేసి, దారి కొక్క రెక్కను ప్రక్కప్రక్కగా నిలుపుదురు. సూటిగా పోవు ప్రధానపుదారి రెక్క ఎత్తున నుండును. ప్రక్కదారి రెక్క దానికంటె తగ్గున నుండును. ఎడమ రెక్క ఎడమ దారికి, కుడి రెక్క కుడి దారికి. రంగుదీపముల సిగ్నళ్లలోనైతే పైన వరుసగా అయిదు తెల్లదీపములు ఏటవాలుగా వెలిగి ప్రక్కదారిని చూపును. ప్రధానపుదారికి అవి వెలుగవు. ప్రక్కదారి మలుపువద్ద వేగము తగ్గింపవలెను గనుక ఈ సంగతి డ్రైవరునకు ముందే తెలియవలెను. మీ నమూనాలో ఒక స్తంభమునకు రెండు రెక్కలు కట్టి, ఒకదానిని ఇంచుక ఎత్తున నుంచుడు. పిల్లలు వెంటనే “ఈ బండి ఏ దారికి?” అని అడుగ నారంభింతురు.

మన శాస్త్రకారులు వాక్యమునకు అర్థము కలుగవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలె నందురు. సిగ్నలును ఒక వాక్యమే. అది వినువాడు ఎదురుచూచుచున్న ప్రశ్నకు జవాబు కావలెను, అది ఆకాంక్ష. తగినచోట తగినదూరమున నుండవలెను, అది సన్నిధి. చెప్పుమాట వస్తుస్థితికి ఒప్పవలెను, అది యోగ్యత. నిప్పుతో చేను తడిపితి ననినచో మాటలున్నవి, అర్థము లేదు. పాయింట్లు ప్రక్కదారికి తిరిగియుండగా సూటిదారి రెక్క వాలినచో అదియు అట్టి వాక్యమే. అబద్ధమాడు సిగ్నలుకంటె సిగ్నలు లేకుండుటయే మేలు. లేనిచోట డ్రైవరు భయముతో మెల్లగా నడపును. ఉన్నచోట నమ్మి వేగముగా నడపును.

ఈ యోగ్యతను మనుష్యుని జ్ఞాపకమునకు విడువక యంత్రమునకే అప్పగించినవాడు జాన్ సాక్స్‌బీ యను ఆంగ్లేయుడు. పాయింట్లును సిగ్నళ్లును ఒకదానినొకటి బంధించు పద్ధతికి అతడు 1856లో హక్కుపత్రము పొందెను. నమూనాలో దానిని చేయుట సులభము. పాయింట్లను కదలించు పిడికి ఒక జాఱుడుపలకను తగిలింపుడు. ఆ పలకలో రెండు బెజ్జములు. ఒక్కొక్క సిగ్నలు పిడికి ఒక మేకు. పాయింట్లు సూటిదారికి ఉన్నపుడు మొదటి బెజ్జము సూటిదారి సిగ్నలు మేకున కెదురుగా వచ్చును. ప్రక్కదారికి ఉన్నపుడు రెండవ బెజ్జము రెండవ మేకున కెదురుగా వచ్చును. బెజ్జము ఎదురుగా లేనిచో మేకు పలకకు తగిలి పిడి కదలదు. మేకు బెజ్జములో దూఱియుండగా పాయింట్లును కదలవు. అనగా సిగ్నలు అబద్ధమాడ దలచినను ఆడలేదు.

మఱియొక రహస్యమున్నది. రెక్క వెనుకకొనకు బరువు కట్టుదురు. వాలు రెక్కను లాగిపట్టునది తీగ. తీగ తెగినచో బరువు రెక్కను మరల అడ్డముగా నిలుపును. యంత్రము చెడినప్పుడు “పొమ్ము” అనక “ఆగుము” అనునట్లు కట్టుటలోనే రైలువారి బుద్ధియంతయు నున్నది. మీ అట్టరెక్కకు వెనుక ఒక సీసపు గుండును అంటించి, దారముతో లాగి చూడుడు. దారమును కత్తిరించి చూపినచో పిల్లలకు ఈ పాఠము జన్మాంతము మఱవదు.

ఇప్పుడు ఒంటిదారి వంతెన కథ. ఇంగ్లండులో నారిచ్ నగరముచెంత థోర్ప్ అనుచోట 1874లో, తంతివార్తల పొరపాటువలన ఒంటిదారిమీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొని 25 మంది మరణించిరి. నాలుగేండ్లకు, 1878లో, ఎడ్వర్డ్ టయర్ ఒక ఉపాయమును కనిపెట్టెను. రెండు స్టేషనులలో రెండు పెట్టెలు, వానిని కలుపు విద్యుత్తీగ. ఒక పెట్టెనుండి బిళ్ల వెలుపలికి తీసినచో, అది తిరిగి ఏదో యొక పెట్టెలో పడువఱకు రెండవబిళ్ల ఎచ్చటను వెలుపలికి రాదు. బిళ్ల చేత లేక డ్రైవరు కదలరాదు. మన దేశమున ఈ పద్ధతిలో నీల్ యంత్రముల ఉక్కుబంతి వాడుకలో నుండెను. స్టేషనులో ఆగని బండి డ్రైవరునకు పెద్ద వలయముతో కూడిన తోలుసంచిలో దానిని అందించుటను మీలో పెక్కురు చూచియుందురు. దానినే టోకె నందుము. అది అనుమతిపత్రము మాత్రమే కాదు. ఒంటిదారిమీద హక్కు ఒక్కరిదే యనుటకు ఒకే ఒక సాక్ష్యము.

మా నమూనాలో దీని నిట్లు చేసితిమి. వంతెనమీది పట్టాలను రెండువైపుల దారినుండి చిన్న ఎడముతో వేఱుచేసితిమి. అక్కడికి ప్రక్కనుండి విద్యుత్తు పాఱదు. రెండు స్టేషనులయందు రెండు గిన్నెలు. గిన్నె అడుగున ఎడమైన రెండు రాగిరేకులు. ఒక రాగిబిళ్ల అందు పడినచో ఆ రేకులు కలిసి వంతెనకు విద్యుత్తు పోవును. కొవ్వూరు గిన్నెకు ఒక బ్యాటరీ, గోదావరి గిన్నెకు ఒక బ్యాటరీ. టార్చిలైటు సెల్లులు ఎనిమిదేసి, అనగా 12 వోల్టులు. రెండవ బ్యాటరీని తలక్రిందుగా కలిపితిమి. పట్టాలనుండి విద్యుత్తు గ్రహించు నమూనా ఇంజను, ఆ విద్యుత్తు దిశ మాఱిన వెనుకకు తిరుగును. కావున కొవ్వూరు గిన్నెలో బిళ్ల పడిన బండి తూర్పునకే పోవును. గోదావరి గిన్నెలో పడిన పడమటికే పోవును. బిళ్ల ఒక్కటే గనుక దిశయు ఒక్కటే. సెల్లులు కడుపులోనే గల చౌకబొమ్మలకు ఈ యేర్పాటు పనికిరాదు. మఱియు ఒక కఠినమైన మాట: ఇంటిలోని కరెంటును ఈ పట్టాలకు ఎన్నడును తగిలింపకుడు. సెల్లులు చాలును.

బండి ఏ దిశకు పోనున్నదో చూచువారికి తెలుపుటకు వంతెన రెండుకొనల రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపములు పెట్టితిమి. ఇవి ఒకవైపునుండి వచ్చు విద్యుత్తునే పోనిచ్చును. రెండింటిని ఎదురెదురు ముఖములుగా జంటకట్టి, వేయి ఓముల రెసిస్టరు ఒకటి చేర్చి, వంతెన పట్టాలు రెంటికిని తగిలింపవలెను. 12 వోల్టులలో తెల్లదీపము మూడింటిని తీసికొనును; మిగిలిన తొమ్మిదిని వేయిచే భాగించిన తొమ్మిది మిల్లీఆంపియరులు. దీపమునకు అది చాలును, కాల్చదు. బండి ఎటు పోవునో ఆ కొనదీపము వెలుగును. రెంటిని తెల్లరంగుననే యుంచితిమి. మనుమడు ఒకదానిని ఎఱుపు చేయుదమనెను. నేను వలదంటిని. ఎఱుపు “ఆగుము” అని చెప్పుచుండగా దానినే “పడమర” అని కూడ చెప్పించినచో ఒక శబ్దమునకు రెండర్థములు కలుగును. కావ్యమందు శ్లేష భూషణము. రైలుదారిమీద అది ప్రాణాంతకము.

పోయిన సంక్రాంతికి ఈ యేర్పాటుతో బండ్లు నడపితిమి. మనుమరాలు గోదావరి స్టేషను మాస్టరు, మనుమడు కొవ్వూరు. చుట్టములు గుమిగూడిరి. కొవ్వూరునుండి బండి వచ్చి స్టేషనులో నిలిచినది. మనుమడు తొందరపడి, బిళ్లను మార్చి తిరుగుబండిని వదలుమని కేకవేసెను. నేనును, చుట్టములు వేచియున్నారని, “ఇచ్చెయ్యమ్మా” అంటిని. ఆ బిడ్డ బిళ్లను పిడికిట బిగించి, “చివరి పెట్టె రాలేదు తాతయ్యా. ఇవ్వను” అనెను. వంగి చూతుము గదా, కొక్కెము జాఱి వెనుకటి పెట్టె నడివంతెనమీద నిలిచిపోయియున్నది! నిజమైన రైలుదారిమీదను స్టేషనువారు బండి వచ్చినదని తృప్తిపడరు. చివరిపెట్టెమీది గుఱుతును పగలును, తోకదీపమును రాత్రియును కన్నులార చూచి, బండి సంపూర్ణముగా వచ్చినదని తెలిసికొన్న పిమ్మటనే దారి విడుదలైనదందురు. ఈ నియమమును నేనే ఆమెకు చెప్పితిని. చెప్పిన నేను మఱచితిని. విన్న ఆమె మఱవలేదు. మూడేండ్ల క్రిందటి ప్రశ్నకు ఆమెయే జవాబు చెప్పినది.

ఒక మాట చెప్పుకొని ముగించెదను. ఇది నా తప్పు. ముప్పదియైదేండ్ల క్రిందట, బడిగంటకు ఆలస్యమగుచున్నదని, జంటదారిమీద మూసియున్న గేటువద్ద గూడ్సుబండి దాటిపోగానే, గేటు క్రిందుగా సైకిలును దూర్చితిని. బండి పోయినది గదా, ఇంక గేటెందుకని నా తర్కము. పోయినబండి చాటున రెండవదారిమీద ఎదురుబండి వచ్చుచున్నది. అది నాకు కనబడలేదు. తలమీద గడ్డిమోపుతో నిలిచియున్న ఒక కూలితల్లి నా సైకిలును వెనుకనుండి పట్టి లాగినది. “గేటేసుంది గదండీ పంతులుగారూ!” అని మాత్రమే అన్నది. ఆమె పేరైన అడుగుటకు నాకు నోరు రాలేదు. తర్కశాస్త్రము చదివిన నేను కన్ను చూచినదానిని నమ్మితిని. చదువురాని ఆ తల్లి సంకేతమును నమ్మినది. గేటు మూసినవానికి తెలిసినది, గేటువద్ద నిలిచినవానికి తెలియదు, అందుకే గేటు.

పెద్దలారా, రాబోవు సంక్రాంతికి మీ యింటి కొలువులో రైలుదారి వేసినచో దానికి ఒక గేటును పెట్టుడు. అగ్గిపుల్లంత కఱ్ఱ చాలును. అది పడియుండగా ఎడ్లబండిని ఎవరు దాటింతురో చూడుడు. దాటించిన వానిని ఆ పూటకు ఆటనుండి తొలగింపుడు. మీరును వారితో ఆడుడు. మీరు తప్పుచేసినచో మీకును అదే శిక్ష. కొబ్బరితోపులు, కాలువలు, గడ్డివాములు మన మనుమలకు తమ నేలను గుఱుతుపట్ట నేర్పును. రెక్కయు, బిళ్లయు, గేటును తమ ప్రాణమును ఇతరుల ప్రాణమును కాపాడుకొన నేర్పును.